పెద్ద తెర లాప్‌టాప్ కొనాలా? ముందు కళ్ళు, మెడ చూపించుకోండి



ఇంటర్ ఫలితాలు వచ్చి కాలేజీ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మా ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతూ ఉంటుంది. "మా పిల్లోడికి లాప్‌టాప్ తీస్తా ఉండాము సార్, పెద్ద స్క్రీన్‌ది అయితే కండ్లకు మంచిదంట గదా?" అని. ఇంకొందరు తమ కోసమే అడుగుతారు. యాభై దాటినవారు, షుగరు ఉన్నవారు, మండీలోనో ఆఫీసులోనో లెక్కలు రాసేవారు. అక్షరాలు మసకగా ఉన్నాయి, పెద్ద తెరది కొంటే సరిపోతుందేమోనని వారి ఆలోచన. లాప్‌టాప్ సంగతి ఆసుపత్రి పత్రికకు ఎందుకని మీరు అనుకోవచ్చు. కానీ ఈ రెండవ రకం వారిలో కొందరికి కావలసింది లాప్‌టాప్ కాదు, కంటి పరీక్ష. అది ఆలస్యమైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. అందుకే ఈ నెల పాఠంగా దీనిని తీసుకున్నాము.

అంగుళాల లెక్క

షాపులో 14 అంగుళాలు, 15.6 అంగుళాలు, 17.3 అంగుళాలు అని చెప్పేది తెర వెడల్పు కాదు. ఒక మూల నుండి ఎదురు మూలకు ఏటవాలుగా కొలిచిన కొలత అది. మామూలు వెడల్పాటి తెరలలో 14 అంగుళాలది సుమారు 31 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 15.6 అంగుళాలది 34 బై 19. 17.3 అంగుళాలది 38 బై 21. పాత అట్టపెట్టె ఒకటి తీసుకుని ఈ మూడు కొలతలకు కత్తిరించి బల్ల మీద నిలబెట్టి చూడండి. షాపు దీపాల వెలుగులో కనిపించినంత తేడా ఇంట్లో కనిపించదు.

దానికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. తెర పెద్దదైతే అక్షరం పెద్దదవుతుందని నియమమేమీ లేదు. తెర మీద బొమ్మ అంతా సన్నని చుక్కలతో ఏర్పడుతుంది. పాత 14 అంగుళాల లాప్‌టాప్‌లలో అడ్డంగా 1366 చుక్కలు ఉండేవి, అంటే అంగుళానికి సుమారు 112. ఇప్పటి 17.3 అంగుళాల తెరలో మామూలుగా 1920 చుక్కలు ఉంటాయి, అంటే అంగుళానికి 127. ఒక అక్షరానికి అన్నే చుక్కలు వాడితే కొత్త పెద్ద తెర మీద అక్షరం పాత చిన్న తెర మీది కంటే చిన్నదిగానే వస్తుంది! వేలు పోసి కొన్న తర్వాత "ఇదేంది, ముందుకంటే సన్నగా ఉండాయే" అని ఆశ్చర్యపోయేది ఇందుకే.

దీనికి మందు ఉచితం. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే వరుసలో వెళితే స్కేల్ అని ఉంటుంది. అక్కడ 125 గాని 150 గాని పెడితే అక్షరాలు పెరుగుతాయి. ఇంటర్నెట్ పేజీలకైతే కంట్రోల్ మీటతో పాటు ప్లస్ మీట నొక్కితే చాలు. కొనే ముందు ఇప్పుడున్న కంప్యూటర్‌లో వారం రోజులు ఇలా వాడి చూడండి. కొందరికి ఇక్కడితోనే అవసరం తీరిపోతుంది.

అక్షరం మసకబారితే

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ ఉన్నదే. కంటి లోపలి కటకం మెత్తదనం కోల్పోయి దగ్గరి వస్తువు మీద నిలవలేకపోతుంది. అద్దాలతో అది సరిపోతుంది. కానీ మసక అంతా చత్వారం కాదు. శుక్లం కావచ్చు. షుగరు ఉన్నవారిలో ఇంకా రెండు కారణాలు ఉంటాయి, వాటిని కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది, రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటి కటకంలోకి నీరు చేరి చూపు మారిపోవడం. చక్కెర అదుపులోకి వచ్చాక మళ్ళీ మారుతుంది. ఆ సమయంలో అద్దాలు చేయించుకుంటే నెల తిరగకముందే పనికిరాకుండా పోతాయి. చక్కెర కొన్ని వారాలు నిలకడగా ఉన్న తర్వాతే అద్దాల కొలత తీయించుకోవాలి. పెద్ద తెర విషయమూ అంతే, తొందరపడి కొనవద్దు.

రెండవది కంటి వెనుక రెటీనా పొర దెబ్బతినడం. డయాబెటిక్ రెటినోపతి అంటారు. దీనికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మొదట్లో చూపు కూడా బాగానే ఉంటుంది. సన్నని రక్తనాళాలు ఊరుతూ, చిట్లుతూ ఉంటాయి, మనిషికి మాత్రం తెలియదు. మసక అనిపించే నాటికి జబ్బు ముదిరి ఉండవచ్చు. అప్పుడు పెద్ద తెర కొని అక్షరాలు పెద్దవి చేసుకుంటే పని కొన్నాళ్ళు జరుగుతుంది, అసలు జబ్బు లోపల పెరుగుతుంది. ఇలా ఒకటి రెండు సంవత్సరాలు నెట్టుకొచ్చి వచ్చేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. లేజరు, ఇంజెక్షన్లు వంటి చికిత్సలు ఉన్న చూపును కాపాడటంలో దిట్ట. పోయిన చూపును పూర్తిగా తిరిగి తేవడంలో కాదు.

కాబట్టి షుగరు ఉన్న ప్రతివారు, కనబడుతున్నా సరే, సంవత్సరానికి ఒకసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని పరీక్ష చేయించుకోవాలి. చుక్కల తర్వాత కొన్ని గంటలు చూపు అలికినట్లు ఉంటుంది. మీ బండి మీద రావద్దు, ఇంట్లో ఎవరినైనా తోడు తెచ్చుకోండి. చిత్తూరు వైపువారు వేలూరుకు, మిగిలినవారు తిరుపతికి వెళ్ళినా పరవాలేదు, ఎక్కడైనా ఒకచోట చూపించుకోవడమే ముఖ్యం. ఉన్నట్టుండి కళ్ళ ముందు నల్లటి చుక్కలు రాలినట్లున్నా, తెర దించినట్లున్నా అదే రోజు రావాలి, మరుసటి వారం కాదు.

రెండు భాగాల అద్దాలు పెట్టుకునేవారికి ఒక మాట. ఆ కింది భాగం పుస్తకం చదివే దూరానికి, అంటే 35, 40 సెంటీమీటర్లకు చేస్తారు. లాప్‌టాప్ తెర ఉండేది 50 నుండి 70 సెంటీమీటర్ల దూరంలో. పై భాగంలో చూస్తే మసక, కింది భాగంలో చూడాలంటే గడ్డం పైకెత్తాలి. రోజంతా గడ్డం ఎత్తి కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మెడనొప్పి అని మా దగ్గరకు వచ్చేవారిలో కొందరి రోగం అద్దాలలోనే ఉంటుంది. మీరు కూర్చునే చోట కన్ను నుండి తెర వరకు టేపుతో కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసుకుని కంటి డాక్టరుకు చూపించండి. ఆ దూరానికి వేరే అద్దాలు రాస్తారు. చాలామందికి కొత్త లాప్‌టాప్ కంటే అవే చవక.

కళ్ళ మంటలు

మనం మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల వరకు రెప్ప వేస్తాము. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, ఇంకా తక్కువకు పడిపోతుంది. మే నెల తిరుపతి ఎండకు తోడు ముఖం మీదికి ఫ్యానో కూలరో తిప్పుకుంటే కంటి తడి ఇట్టే ఆరిపోతుంది. తెర ఎంత పెద్దదైనా ఇది మారదు. ఫ్యాను పక్కకు తిప్పండి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని దేనినైనా ఇరవై సెకన్లు చూసి, నాలుగైదు సార్లు గట్టిగా రెప్పలు మూసి తెరవండి. తెర వెనుక కిటికీ ఉంటే లాప్‌టాప్ పక్కకు జరపండి.

లాప్‌టాప్‌తో పాటు నీలి వెలుగు ఆపే అద్దాలు కూడా అంటగడతారు. 2023లో కాక్రేన్ సంస్థవారు 17 పరిశోధనలను కలిపి పరిశీలించారు. మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి వారికి ఆధారం దొరకలేదు. ఆ డబ్బు ఉంచుకోండి.

మెడ, భుజం

లాప్‌టాప్‌లో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. తెర, మీటలు అతికించి ఉంటాయి. చేతులకు అనువుగా పెడితే తెర కిందికి పోతుంది, కళ్ళకు అనువుగా ఎత్తితే చేతులకు అందదు. తెర రెండు మూడు అంగుళాలు పెరిగినంత మాత్రాన ఈ లోపం పోదు. న్యూయార్క్‌లోని ఒక వెన్నెముక సర్జను 2014లో కట్టిన లెక్క ప్రకారం, నిటారుగా ఉన్నప్పుడు ఐదు కిలోల దరిదాపుల్లో ఉండే తల బరువు, 30 డిగ్రీలు వంచితే మెడ మీద 18 కిలోలంత పడుతుంది, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలంత. అది కంప్యూటర్ మీద వేసిన లెక్కే గాని మనిషి మెడలో కొలిచినది కాదు. అయినా మంచం మీద బాసింపట్టు వేసుకుని ఒడిలో లాప్‌టాప్ పెట్టుకున్న పిల్లలను చూస్తే నమ్మాలనిపిస్తుంది.

పరిష్కారం పెద్ద ఖర్చు కాదు. నాలుగు లావు పుస్తకాల మీద లాప్‌టాప్ పెట్టి, తెర పై అంచు కంటి ఎత్తుకు లేదా కొంచెం కిందికి వచ్చేలా చూడండి. విడిగా ఒక కీబోర్డు, మౌసు తగిలించండి. మామూలువి రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. ఇల్లు కదలకుండా పని చేసేవారైతే 14 అంగుళాల లాప్‌టాప్‌కు 22 అంగుళాల మానిటరు ఒకటి కలుపుకోవడం ఏ 17 అంగుళాల లాప్‌టాప్ కంటే కంటికీ మెడకూ మేలని మా అభిప్రాయం.

ఇక బరువు. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ అనే "మోసుకుపోయే కంప్యూటరు" పదకొండు కిలోలు ఉండేది, దాని తెర ఐదు అంగుళాలు మాత్రమే! ఇప్పుడు 14 అంగుళాలది కిలోన్నర దగ్గర, 15.6ది రెండు కిలోల లోపు వస్తుంది. 17 అంగుళాలవి రెండున్నర, ఆటల కోసం చేసినవి మూడు కిలోల దాకా కూడా ఉంటాయి. వాటి చార్జరే అర కిలో పైన. లీటరు నీళ్ళు, టిఫిన్ డబ్బా, పుస్తకాలు కలిస్తే ఐదు, ఆరు కిలోలు. పాఠశాల పిల్లల సంచి వారి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వం విధానం పెట్టింది. నలభై ఐదు కిలోల ఆడబిడ్డ పుత్తూరు నుండి తిరుపతికి రోజూ బస్సులో నిలబడి వెళ్ళేటట్లయితే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఆ సంచిలో మూడు కిలోల బియ్యం వేసి, మిగతా సామానుతో పాటు వారం రోజులు కాలేజీకి మోయించండి. ఆ తర్వాత ఏ తెర కావాలో బిడ్డే చెబుతుంది.

ఒడిలో పెట్టుకోవద్దు అనేది మగపిల్లలకు మరీ ముఖ్యం. అమెరికాలో 29 మంది యువకుల మీద జరిపిన ఒక పరిశోధనలో గంటసేపు ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుంటే వృషణాల దగ్గర వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. నిజానికి అందులో ఎక్కువ భాగం తొడలు దగ్గరగా పెట్టి కూర్చోవడం వల్లనే. వేడి యంత్రం రోజూ తగిలే చోట తొడ చర్మం వలలాగా నల్లబడటం కూడా ఉంది. కాబట్టి బల్ల మీదే పెట్టాలి.

చిన్నపిల్లల విషయంలో

ఇక్కడ మాత్రం పెద్ద తెర పక్షాన మాట్లాడతాము. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఎంతోమంది పిల్లలు ఫోనులోనే పాఠాలు విన్నారు. ఫోనును జానెడు, జానెడున్నర దూరంలో పట్టుకుంటారు. లాప్‌టాప్ మూరెడు పైన ఉంటుంది, కంటి మీద భారం తక్కువ. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు, వాటికీ ఇదే మాట వర్తిస్తుంది. కానీ దూరం చూపు తగ్గకుండా నిజంగా పనిచేసేది బయటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట అదనంగా గడిపించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మూడేళ్ళలో వారిలో నూటికి 30 మందికి దూరపు చూపు తగ్గింది, మామూలు బడుల పిల్లలలో 39 మందికి పైగా తగ్గింది. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను ఆవరణలో ఆడుకోనివ్వండి, అరవవద్దు.

మరి ఎవరు కొనాలి?

ఒకేచోట కూర్చుని డి.టి.పి., ఇంటి ప్లానులు, ట్యాలీ లెక్కలు చేసేవారికి పెద్ద తెర ఉపయోగమే. మదనపల్లె టమోటా మండీలోనో చిత్తూరు బెల్లం మండీలోనో రోజంతా అంకెలు కొట్టే గుమస్తాకు, పెద్ద లాప్‌టాప్‌లలో కుడి పక్కన ఎక్కువగా కనిపించే అంకెల మీటలు బాగా పనికొస్తాయి. అయితే అవి ఉన్నందువల్ల అక్షరాల మీటలు ఎడమకు జరుగుతాయి. ఉత్తరాలు టైపు చేసేవారు ఒళ్ళు కొంచెం మెలితిప్పి కూర్చోవలసి వస్తుంది. అద్దాలు పెట్టుకున్నా చూపు పూర్తిగా రానివారికి కూడా పెద్ద తెర మేలే, డాక్టరుతో మాట్లాడి తీసుకోండి.

హాస్టలులో ఉండే పిల్లలకు, బస్సు ప్రయాణం చేసేవారికి 14 చాలు. ముందుగా కాలేజీలో అడగండి. మొదటి సంవత్సరానికి ల్యాబు కంప్యూటర్లు సరిపోతాయా, ఏ కోర్సుకు ఏ యంత్రం కావాలి అని. "మా స్నేహితులందరికీ పెద్దదే ఉంది నాయనా" అనే మాటకు మెడలో గొలుసు కుదువ పెట్టవలసిన పని లేదు. చెన్నై రిచీ వీధిలో పాతది కొనేవారు అది విండోస్ 11 తీసుకుంటుందో లేదో చూసి కొనండి. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి.

ఇప్పటికే 17 అంగుళాలది కొనేసినవారు దానిని అమ్ముకోనక్కరలేదు. ఇంట్లో బల్ల మీద, పుస్తకాల పైన స్థిరంగా పెట్టి, విడి కీబోర్డుతో వాడుకోండి. కాలేజీకి పాఠాలను పెన్‌డ్రైవులో తీసుకుపోతే సరి. కన్ను నుండి తెరకు కొలిచిన దూరం కాగితం మాత్రం ఈసారి వచ్చేటప్పుడు మరచిపోకుండా తెండి, షుగరు ఉన్నవారు దానితో పాటు పాత షుగరు రిపోర్టులు కూడా తెండి.