ఇరవై ఏళ్ల తర్వాత మీ ఫ్లాట్ కొనేదెవరు?

నోయిడా, గురుగ్రామ్‌లలో ఉద్యోగం చేస్తూ నాలుగు డబ్బులు వెనకేసుకునే తెలుగువాళ్లకు పెట్టుబడి అనగానే తట్టేవి రెండే: ఇక్కడొక ఫ్లాట్, ఊళ్లో ఒక స్థలం. ఎంతకొస్తుందని పదిమందిని అడుగుతారు. రేపు అమ్మాలంటే కొనేవాళ్లు ఉంటారా అని మాత్రం అడగరు. దానికి సగం జవాబు జనాభా లెక్కల్లో ఉంది. 2045లో ముప్పై ఏళ్లు నిండేవాళ్లంతా ఇప్పటికే పుట్టి బడికి వెళ్తున్నారు మరి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, ఢిల్లీలో 1.6. జనాభా తరిగిపోకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఉత్తరప్రదేశ్‌లో 2.4, బీహార్‌లో 3.0 ఉంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌లో రేపు అద్దెకు దిగేవాళ్లు, ఇళ్లు కొనేవాళ్లు చాలావరకు అటునుంచి రైలెక్కి వచ్చేవాళ్లే. మన ఊరికి అలా ఎవరొస్తారు? హైదరాబాద్‌కో విశాఖకో వస్తారు. మారుమూల మండలంలో వేసిన వెంచర్‌కు రారు. ఆ స్థలం మీద మమకారం ఉంటే ఉంచుకోండి, రిటైర్మెంటు సొమ్ములో మాత్రం కలపకండి.

ఎన్‌సీఆర్ అంతా ఒక్కలా పెరగలేదు. 2001 నుంచి 2011 లోపు గురుగ్రామ్ జిల్లా జనాభా సుమారు 74 శాతం పెరిగితే, న్యూఢిల్లీ జిల్లాలో 20 శాతానికి పైగా తగ్గింది. తర్వాతి జనగణన 2027లో గానీ పూర్తికాదు కాబట్టి, అంతదాకా మన కళ్లనే నమ్ముకోవాలి. కొనాలనుకున్న సొసైటీకి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయో చూడండి. దగ్గర్లోని బడిలో ఒకటో తరగతికి ఎన్ని సెక్షన్లు ఉన్నాయో కనుక్కోండి. బ్రోకరు చెప్పే దానికంటే ఇవి నిజం చెబుతాయి.

జనం పెరిగినా డబ్బు పెరగాలని లేదు. నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా జనాభా అదే దశాబ్దంలో దాదాపు సగం పెరిగింది. అయినా అక్కడ ఆమ్రపాలి అనే బిల్డరు ప్రాజెక్టుల్లో కొన్న వేలాది కుటుంబాలు ఏళ్ల తరబడి ఇల్లు చేతికి రాక ఇబ్బంది పడ్డాయి. చివరికి 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ నిర్మాణాలను ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. బిల్డరు చరిత్ర, రెరా నమోదు చూడకుండా జనాభాను నమ్మి ముందుకెళ్లకండి.

షేర్ల విషయంలో ఈ లెక్కలు ఇంకా తక్కువ పనికొస్తాయి. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర్లో శిఖరానికి చేరి కూలింది, అప్పటికి ఆ దేశ జనాభా ఇంకా పెరుగుతూనే ఉంది. ఆ శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో, జనాభా ఏటా తరుగుతున్న రోజుల్లో! వృద్ధులు పెరుగుతున్నారు కదా అని ఆసుపత్రి షేర్లు కొనేవాళ్లకు ఒకటే మాట: ఆ సంగతి అందరికీ తెలుసు, ధరలో ఎప్పుడో కలిసిపోయింది. తక్కువ ఖర్చుండే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేయండి, చాలు.

ఈ లెక్కలు అసలు అక్కరకొచ్చేది మన ఇంటికి. మనదేశంలో అరవై దాటినవాళ్లు సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నారు, ఆడవాళ్లు ఇంకొంచెం ఎక్కువ. భార్య సాధారణంగా వయసులో చిన్నది. అందుకే డబ్బు ఎన్నేళ్లు రావాలో ఆమె వయసును బట్టి, తొంభై ఏళ్ల దాకా లెక్కవేయండి. ఒక్కరో ఇద్దరో పిల్లలు, వాళ్లూ ఎక్కడుంటారో తెలియదు. కాబట్టి భార్య పేరున విడిగా జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) ఖాతా తెరవండి. ఉద్యోగం లేకపోయినా తెరవవచ్చు, ఆ వీలు 2009 నుంచే ఉంది.