నాటు అను మాట – ఒక పాట పుట్టుక, దాని ఆదరణము

మన హెబ్బగోడిలో ఆదివారము ఉదయమున బజారునకు పోయినచో కోళ్ళ అంగడి పలకపై "నాటి కోళి" అను కన్నడ మాట కనబడును. ఇంటికి వచ్చిన పిమ్మట దానినే మనము "నాటుకోడి" అందుము. మాట యొక్కటియే, చివరి అచ్చు మాత్రము మారినది. ఈ చిన్నమాట 2023వ సంవత్సరము మార్చి 12వ తేదీన అమెరికా దేశమందలి లాస్ ఏంజెలెస్ నగరమున పాటయై మ్రోగినది. ఆ పాట ఎట్లు పుట్టినది? లోకము దాని నెట్లు ఆదరించినది? దానివలన మనము నేర్వదగిన దేమి? ఈ విషయములను ఇచ్చట ముచ్చటింతము.

సినిమా పాటకు పాఠములో చోటేల యని పెద్దలు కొంద రడుగవచ్చును. పిల్లల నోట నిత్యము నాడు పాటను పరీక్షించి చూచుటయు చదువులో భాగమే యని మా అభిప్రాయము.

కథలో పాటకు గల పని

ఎస్.ఎస్. రాజమౌళి తీసిన "రౌద్రం రణం రుధిరం" అను చలనచిత్రము ఆర్.ఆర్.ఆర్. అను పొట్టిపేరుతో ప్రసిద్ధమైనది. ఆంగ్లేయుల నెదిరించిన అల్లూరి సీతారామరాజు, నిజాము పాలనను ప్రతిఘటించిన కొమురం భీము స్నేహితులైనచో ఎట్లుండు నను ఊహయే దీనికి మూలము. ఇది కల్పన మాత్రమే గాని చరిత్ర కాదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 1920 ప్రాంతమున ఢిల్లీలో దొరల విందునకు ఈ మిత్రు లిద్దరును పోవుదురు. నృత్యమనగా నేమో మీకు తెలియునా యని ఒక ఆంగ్లేయ యువకుడు భీముని హేళన చేయును. అందుకు బదులుగా మిత్రు లిద్దరును తమ ఊరి ఆటను ఆడి చూపుదురు. అవమానమునకు కత్తితో గాక కాలి అడుగుతో సమాధానము చెప్పుట ఈ పాట పని.

రచన

ఈ పాటకు సంగీతము కూర్చినవారు ఎం.ఎం. కీరవాణి. వీరు 1961లో గోదావరి తీరమందలి కొవ్వూరున జన్మించిరి. పాట వ్రాసినవారు చంద్రబోసు. వీరిది వరంగల్లు ప్రాంతమందలి చల్లగరిగ గ్రామము. ఇంజనీరింగు చదివియు పాటల రచనను వృత్తిగా గైకొనిరి. పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అను యువకులు. కాలభైరవ కీరవాణి కుమారుడు.

పాటలో పదింట తొమ్మిది పాళ్ళు అర దినములోనే వచ్చినవనియు, మిగిలిన ఒక్క పాలు పూర్తియగుటకు పందొమ్మిది నెలలు పట్టినదనియు చంద్రబోసు చెప్పియున్నారు. విద్యార్థులు ఈ లెక్కను మరవరాదు. తోచినదానిని వ్రాయుట ఒక పూట పని. దానికి మెరుగు పెట్టుట నెలల పని. ఇక పాటలోని వస్తువు లెచ్చటివి? పొలములో దుమ్ము రేపు గిత్త, అమ్మవారి జాతర, కఱ్ఱసాము, మఱ్ఱిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు – ఇవన్నియు కవి తన పల్లెలో కన్నవి, తిన్నవి. ఏ నిఘంటువును వెదకి తెచ్చినవి కావు.

నడక

ఇది ఆరు మాత్రల నడకగల పాట. మన జాతరలలో డప్పు వాయించువారికి ఈ నడక సహజము. మన ప్రాంతమున "తమటె" యని కన్నడిగులు పిలుచు వాద్యమును వినినవారికి ఇది క్రొత్తది కాదు. "నాటు" అను మాటను లెక్కించి చూడుడు. "నా" గురువు, రెండు మాత్రలు. "టు" లఘువు, ఒక మాత్ర. వెరసి మూడు. ఆ మాటను రెండుమారు లనినచో ఆరు మాత్రలు తామే పూర్తియగును. పాట పేరులోనే తాళ మున్నదని దీనివలన తేలుచున్నది.

గురువు వెంట లఘువు వచ్చు ఈ గణమును మన ఛందస్సున హగణ మందురు. హగణము, నగణము రెండును సూర్యగణములు. రెండింటికిని మూడేసి మాత్రలు. ఆటవెలది పద్యమున రెండవ, నాలుగవ పాదములలో ఐదేసి సూర్యగణములే యుండును. వేమన పద్యములు మనకు నోటికి వచ్చుటకు ఈ నడకయు ఒక కారణము. పద్యము వేరు, పాట వేరు అయినను రెండింటిని నడిపించు అడుగు ఒక్కటియే.

ఆట

నృత్యమును కూర్చినవారు ప్రేమ్ రక్షిత్. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరమందలి మారియిన్‌స్కీ ప్రాసాదము ఎదుట దీనిని చిత్రించిరి. రామ్ చరణ్, జూనియర్ ఎన్.టి.ఆర్. ఇరువురును ఒకే క్షణమున ఒకే అడుగు వేయవలసి యుండుటచే అభ్యాసము కఠినమైనది. ఒక కాలు ముందువెనుకలుగా పడుచున్నను చూచువారికి ఒకే శరీరమువలె తోచవలెను. 2021 నవంబరు 10న పాట, 2022 మార్చి 25న చిత్రము వెలువడినవి. ఆ నడుమ, ఫిబ్రవరిలో, ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తినది. నవ్వుచు ఆడిన ఆ నగరముపై బాంబులు పడెను.

ఆదరణము

అమెరికా, జపాను దేశములలో ఒక్క తెలుగు మాటయు తెలియనివారు సినిమాహాళ్ళలో లేచి ఆడిరి. 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబు బహుమతియు, మార్చి 12న ఆస్కారు బహుమతియు లభించెను. భారతీయ చిత్రమందలి పాటకు ఆస్కారు వచ్చుట ఇదియే మొదలు. 2009లో ఏ.ఆర్. రెహమాన్ సంగీతమునకు ఆ గౌరవము దక్కినను అది బ్రిటిషు వారు తీసిన చిత్రము. బహుమతి నందుకొనుచు కీరవాణి తాను కార్పెంటర్లు అను అమెరికా గాయకుల పాటలు వినుచు పెరిగితినని చెప్పి, వారి వరుసలోనే తన కృతజ్ఞతను పాడిరి. పరుల పాటను ప్రేమతో విన్నవాడు తన పాటను మరవలేదు.

ఆక్షేపణములును లేకపోలేదు. ఆ వేదికపై ఆడిన ప్రధాన నర్తకులలో దక్షిణాసియావారు లేరని అమెరికాలోని మనవారు బాధపడిరి. తెలుగు చిత్రమును బొంబాయి చిత్రముగా పేర్కొనిన వారును కలరు. కీర్తి వచ్చినంతమాత్రమున మన పేరు సరిగా పలుకుదురను నమ్మకము లేదు. పేరును మనమే నిలుపుకొనవలెను.

మనకు గల పాఠము

ఈ పాట ఇతర భాషలలోనికి పోయిన తీరు చూడదగినది. తమిళమున "నాట్టు కూత్తు", కన్నడమున "హళ్ళి నాటు" అయినది. దేశమను నర్థముగల "నాడు" అను మాట తెలుగు, కన్నడ, తమిళములకు ఉమ్మడి సొత్తు. పలనాడు, కరునాడు, తమిళనాడు అను పేర్లే సాక్షులు. హిందీలో ఈ చుట్టరికము లేకపోవుటచే, ఆడుడని చెప్పు "నాచో" అను మాటను ఇమిడ్చిరి.

హెబ్బగోడిలో మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కార్ఖానాల వాడలో తమిళము, హిందీ విందురు. ఇంటి మాటను "నాటు మాట" యని సిగ్గుపడి నలుగురిలో దాచుకొను పిల్లలను మే మెరుగుదుము. తలిదండ్రులును అట్టి మాట వాడవద్దని మందలించుట కద్దు. అవ్వ నోటి మాట ఇట్లు ఒక్క తరములో పోవును. పోయినదానిని ఏ బహుమతియు తిరిగి తేజాలదు. నాటు అను మాటకు గౌరవము లాస్ ఏంజెలెస్‌లో పుట్టలేదు. చల్లగరిగలో దానిని సిగ్గులేక పలికినవారి వలన నిలిచినది.

కావున విద్యార్థులారా, ఈ వారము ఒక పని చేయుడు. మీ అవ్వతాతలను, పొరుగు కన్నడిగులను అడిగి వంట, పొలము, పనిముట్లకు సంబంధించిన పది మాటలను రెండు భాషలలోను ప్రక్కప్రక్కన వ్రాసికొని రండు. ఏవి చుట్టములో, ఏవి కావో తరగతిలో చూతము. తలిదండ్రులకు మా మనవి యొక్కటియే: పిల్ల లడిగినపుడు ఆ మాటలను నవ్వుచు చెప్పుడు.