గురులఘువుల లెక్క - సంభావ్యతకు తొలిమెట్టు

ఒక నాణెమును రెండుసార్లు ఎగురవేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశమెంత? ఈ చిన్న ప్రశ్నకు ఫ్రెంచి గణితవేత్త డాలంబెర్ 1754లో విజ్ఞాన సర్వస్వంలో తప్పు సమాధానం వ్రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్లే. లేదా బొరుసు తరువాత బొమ్మ. లేదా రెండుసార్లూ బొరుసు. మూడింటిలో రెండు అనుకూలం కనుక సంభావ్యత 2/3 అని ఆయన వాదం. పాస్కల్, ఫెర్మాల లేఖలతో 1654లోనే ఈ శాస్త్రానికి పునాది పడింది. నూరేళ్ళ తరువాత కూడా అంతటివాడు పొరబడ్డాడంటే లోపం తెలివిలో కాదు, లెక్కించిన తీరులో ఉన్నది.

తెలుగు విద్యార్థి ఛందస్సు పాఠంలో ఈ లెక్కను ముందే నేర్చుకొని ఉంటాడు. రెండక్షరాల గణాలు నాలుగు: గగ, గల, లగ, లల. గలము, లగము ఒకటేనని ఎవరూ అనరు. చెవికే తేడా తెలుస్తుంది. గురువును బొమ్మగా, లఘువును బొరుసుగా భావిస్తే, ఏ పక్కకూ మొగ్గని నాణెమునకు ఈ నాలుగూ సమాన అవకాశం గలవి. కనీసం ఒక గురువు ఉన్నవి మూడు. కనుక సరియైన సమాధానం 3/4. డాలంబెర్ మొదటి పర్యవసానంలో గగ, గల రెండూ ఇమిడి ఉన్నాయి. వాటిని ఒక్కటిగా లెక్కించడమే పొరపాటు. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం సంఖ్యతో భాగించే సూత్రం, పర్యవసానాలన్నీ సమాన అవకాశం గలవైనప్పుడే చెల్లుతుంది.

మూడక్షరాలకు 2×2×2 = 8 గణాలు. ఒక పనిని కొన్ని విధాలుగా, దాని తరువాతి పనిని మరికొన్ని విధాలుగా చేయగలిగితే ఆ సంఖ్యలను గుణించాలన్నదే ఇక్కడి నియమం. మగణంలో మూడూ గురువులు. య, ర, త గణాలలో రెండేసి. భ, జ, స గణాలలో ఒక్కొక్కటి. నగణంలో ఒక్కటీ లేదు. మూడుసార్లు ఎగురవేస్తే సరిగా రెండు బొమ్మలు పడే సంభావ్యత 3/8 అని ఈ పట్టికే చెబుతున్నది. 1, 3, 3, 1 అనే ఈ వరుస, పింగళుని ఛందస్సూత్రాలకు 10వ శతాబ్దిలో హలాయుధుడు వ్రాసిన వ్యాఖ్యలోని మేరు ప్రస్తారంలో కనిపిస్తుంది. నేటి పాఠ్యపుస్తకాలు దానినే పాస్కల్ త్రిభుజమంటున్నాయి.

ఒకసారి వాడినది మళ్ళీ వాడరాదంటే గుణకం ప్రతి మెట్టులోనూ ఒకటి తగ్గుతుంది. భాస్కరాచార్యుడు లీలావతిలో (1150) శంఖ, చక్ర, గదా, పద్మాలను హరి నాలుగు చేతులలో ఎన్ని విధాలుగా అమర్చవచ్చునని అడిగాడు. 4×3×2×1 = 24. కేశవ నామాలు ఇరవైనాలుగని ఇంట్లో విన్న పిల్లలకు ఈ సంఖ్య కొత్త కాదు. శివుని పది చేతులకైతే 36,28,800. వ్రాసి చూపడం ఎవరి తరమూ కాదు.

క్రమంతో పని లేనప్పుడు భాగించాలి. వరాహమిహిరుడు 6వ శతాబ్దిలో బృహత్సంహితలో పదహారు సుగంధ ద్రవ్యాల నుండి నాలుగేసి తీసుకుంటే 1820 మిశ్రమాలని చెప్పాడు. వరుసగా ఎన్నుకుంటే 16×15×14×13 = 43,680. కాని ఏది ముందు కలిపినా పరిమళమొకటే. ప్రతి మిశ్రమమూ 24 సార్లు లెక్కకు వచ్చింది, భాగిస్తే 1820. ఇటువంటి లెక్కకు సాధారణ సూత్రం చెప్పిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.

ఆ మిశ్రమాలలో ఒకదానిని చూడకుండా తీస్తే, ముందుగా అనుకున్న ఒక ద్రవ్యం అందులో ఉండే సంభావ్యత ఎంత? ఆ ద్రవ్యాన్ని ఉంచి మిగిలిన పదిహేనింటి నుండి మూడు ఎన్నుకోవాలి: 15×14×13ను 6తో భాగిస్తే 455. 455/1820 అంటే 1/4. పదహారింటిలో నాలుగింటికి చోటున్నప్పుడు ప్రతి ద్రవ్యానికీ దక్కే వంతు సరిగ్గా ఇంతే.