బాల్కనీ ఎన్ని అడుగులు? ఎటు ఎన్ని అడుగులు?

హోమ్ లోన్ ఫైలు చేతికి రాగానే నేను మొదట చూసేది కార్పెట్ ఏరియా. బ్రోచర్‌లో ఎంత పెద్ద అంకె వేసినా, 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బాల్కనీ కలవదని ఎంతమంది కస్టమర్లకు చెప్పానో లెక్కలేదు. అందరికీ అంత చెప్పే నేనే, రెండేళ్ల క్రితం విహార నౌకలో గది తీసుకునేటప్పుడు "బాల్కనీ ఉంది" అన్న ఒక్క ముక్క చూసి డబ్బు కట్టేశాను.

అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు నిండిన సందర్భం అది. నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చాక వీల్‌చైర్ తప్పనిసరైంది. ఏం కావాలని అడిగితే, "నడి సముద్రంలో తెల్లారడం ఒకసారి చూడాలనుందిరా" అన్నారు. సింగపూర్ నుంచి మూడు రాత్రుల ప్రయాణం బుక్ చేశాను.

గదిలోకి వెళ్లాక చూస్తే బాల్కనీ తలుపుకు ఎత్తైన గడప. అవతల రెండు కుర్చీలు వేస్తే మోకాళ్లు రెయిలింగ్‌కు తగిలేంత చోటు. వీల్‌చైర్ గడప దాటదు, దాటినా తిరగదు. మర్నాడు తెల్లవారుజామున అమ్మ బాల్కనీలో నిలబడి, "ఎర్రగా వస్తున్నాడండీ, ఇంకా సగమే పైకొచ్చాడు" అని చెబుతుంటే, నాన్నగారు గదిలో కూర్చుని విన్నారు. ఆయన ఒక్క మాట కూడా నిష్ఠూరం ఆడలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం, "ఎన్ని చదరపు అడుగులని చూశావు గానీ, ఎటు ఎన్ని అడుగులని చూడలేదు కదరా" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

వైశాల్యం ఒకటే, వాడకం వేరు

పెద్ద ఓడల్లో గదులు సాధారణంగా నాలుగు రకాలు: కిటికీ లేని లోపలి గది, కిటికీ ఉన్న గది, బాల్కనీ గది, సూట్. మామూలు బాల్కనీ గదినే తీసుకుందాం. కార్నివాల్ సంస్థ ఓడల్లో గది సుమారు 185 చదరపు అడుగులు, బాల్కనీ 35. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడల్లో గది సుమారు 182, బాల్కనీ 50. మన గజాల్లో చెప్పుకుంటే, మొదటిది నాలుగు గజాల లోపు, రెండోది అయిదున్నర గజాలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మంచం 18 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. అంటే 35 అడుగుల బాల్కనీలో రెండు మంచాలు కూడా పూర్తిగా పట్టవు.

అయితే వైశాల్యం సగం కథే. 36 చదరపు అడుగుల బాల్కనీ 9 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతుతో ఉండవచ్చు. 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతుతోనూ ఉండవచ్చు. మొదటి దానిలో కుర్చీలు పక్కపక్కన పడతాయి కానీ కాళ్లు చాపుకోలేం. రెండో దానిలో ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో చిన్న బల్ల వేసి టీ తాగవచ్చు. వీల్‌చైర్ వెనక్కి తిరగాలన్నా లోతే ముఖ్యం.

అంకెలో ఏం కలిపారు?

ఇక్కడ మన కార్పెట్ ఏరియా పాఠం పనికొస్తుంది. కొన్ని సంస్థలు గదిని, బాల్కనీని విడివిడిగా చెబుతాయి. కొన్ని రెండూ కలిపి ఒకే అంకె వేస్తాయి. వైకింగ్ వారి సముద్ర నౌకల్లో మామూలు వరండా గదికి చెప్పే 270 చదరపు అడుగుల్లో వరండా కూడా ఉంటుంది. దీన్ని 185తో పోల్చడం తప్పు, 185కు 35 కలిపి 220తో పోల్చాలి.

2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్ ఓడలో ఇంకో పద్ధతి ఉంది. చాలా గదుల్లో బయటికి విడిగా బాల్కనీ ఉండదు. గదే ఓడ అంచు దాకా సాగుతుంది. బటన్ నొక్కితే పై అద్దం కిందికి దిగి గాలి వస్తుంది. గది విశాలంగా అనిపిస్తుంది కానీ, బయట కూర్చున్న భావన కోరేవారికి ఇది నచ్చకపోవచ్చు. యూరప్ నదుల మీద తిరిగే ఓడల్లో "ఫ్రెంచ్ బాల్కనీ" అనే మాట వినిపిస్తుంది. అక్కడ తలుపు తెరిస్తే ఎదురుగా కమ్మీలే, అడుగు పెట్టే చోటు ఉండదు.

గది ఎక్కడుంది?

ఒకే ధరల వర్గంలో కూడా బాల్కనీలు ఒకేలా ఉండవు. ఓడ వెనుక భాగంలోవి తరచుగా లోతుగా ఉంటాయి. మూల గదులకు రెండు వైపులా చుట్టి వచ్చే బాల్కనీ ఉండవచ్చు. మధ్య భాగంలో ఊపు తక్కువ కాబట్టి పెద్దవాళ్లకు హాయి. కొన్ని గదుల ముందు లైఫ్‌బోట్లు అడ్డొస్తాయి. 2009లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్‌లో కొన్ని బాల్కనీలు ఓడ లోపలి తోట వైపు ఉంటాయి. అక్కడ చెట్లు కనిపిస్తాయి, సముద్రం కనిపించదు. కొన్ని ఓడల్లో డెక్‌లు మెట్లలా ఉండటం వల్ల కింది బాల్కనీలు పెద్దవిగా ఉంటాయి కానీ, పైవాళ్లకు మనం కనిపిస్తూనే ఉంటాం.

భద్రత

2006 మార్చి 23న జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీల దగ్గర మంటలు రేగాయి. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణం కావచ్చని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుగోడలు, ప్లాస్టిక్ కుర్చీలు అంటుకుని మంట వేగంగా పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆ తర్వాత బాల్కనీల అగ్నిరక్షణకు అంతర్జాతీయ నిబంధనలు కఠినమయ్యాయి. చాలా సంస్థలు బాల్కనీలో పొగ తాగడాన్ని నిషేధించాయి. మన అలవాటు కొద్దీ తడి తువాళ్లు రెయిలింగ్ మీద ఆరవేయకూడదు. పిల్లలు ఎక్కే వీలున్న కుర్చీని రెయిలింగ్ పక్కన ఉంచకూడదు.

అదనపు ధర గిట్టుబాటా?

ఎంబీఏలో చదివిన మార్జినల్ కాస్ట్‌ను ఇంటికి అన్వయిద్దాం. ఉదాహరణకు, కిటికీ గది కంటే బాల్కనీ గదికి 18,000 రూపాయలు ఎక్కువనుకోండి. పిల్లలతో రోజంతా ఈతకొలను దగ్గర, ఆటల దగ్గర గడిపే కుటుంబం మూడు రోజుల్లో మొత్తం ఆరు గంటలు బాల్కనీలో కూర్చుంటే, గంటకు 3,000. గది దాటి ఎక్కువ తిరగలేని పెద్దవాళ్లు ఇరవై గంటలు కూర్చుంటే, గంటకు 900. ధర ఒకటే, విలువ వేరు. కాబట్టి ఎవరి కోసం కొంటున్నామో ముందు తేల్చుకోవాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

1. చెప్పిన వైశాల్యంలో బాల్కనీ కలిసి ఉందా, విడిగా ఉందా?
2. బాల్కనీ వెడల్పు ఎంత, లోతు ఎంత?
3. తలుపు వెడల్పెంత? గడప ఎత్తెంత?
4. ముందు లైఫ్‌బోట్ గానీ, ఇనుప దూలం గానీ అడ్డుందా?
5. రెయిలింగ్ అద్దమా, రేకా? కూర్చుంటే సముద్రం కనిపిస్తుందా?
6. వీల్‌చైర్ వాడేవారికి కేటాయించిన గది ఖాళీ ఉందా? వీటిలో తలుపులు వెడల్పుగా, తిరిగే చోటు ఎక్కువగా ఉంటాయి. ఇవి తక్కువే ఉంటాయి కాబట్టి ముందుగానే అడగాలి.

జవాబులు మాటల్లో కాకుండా ఈమెయిల్‌లో తీసుకోండి. శాంక్షన్ లెటర్ లేకుండా మనం లోన్ ఇవ్వం కదా!

వచ్చే ఏడాదికి మళ్లీ ప్రయాణం అనుకుంటున్నాం. ఈసారి గది ప్లాను ముందే తెప్పించి నాన్నగారి ముందు పెట్టాను. ఆయన స్కేలు, పెన్సిలు అడిగి తీసుకుని, తన వీల్‌చైర్ కొలతతో గీతలు గీశారు. రెండు గదులు కొట్టేశారు. మూడోదాని పక్కన టిక్ పెట్టి, "దీనిలో మీ అమ్మ కుర్చీ కూడా పడుతుంది" అన్నారు.