ఉల్లిపొరల ఉత్తరం

మీ ఇల్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉందనుకోండి. ఇంట్లో ఒకరు నెల రోజులుగా దగ్గుతున్నారు. క్షయ ఏమోనని అందరికీ భయం. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి ఉత్తరం రాసి సలహా అడగాలనుకున్నారు. కార్డు మీద రాస్తే దారిలో ఎవరైనా చదవవచ్చు. అందుకని ఇన్‌లాండ్ ఉత్తరం రాసి, అంటించి పంపారు. లోపలి సంగతి ఎవరికీ తెలియదు. కాని పైన ఏముంది? ఒక పక్క మీ పేరు, రెండో పక్క ఛాతీ ఆసుపత్రి! సాయంత్రానికల్లా వీధిలో "పాపం, ఎవరికమ్మా జబ్బు?" అని పరామర్శలు మొదలవుతాయి. ఉత్తరం విప్పకుండానే చిరునామా సగం కథ చెప్పేసింది.

ఇంటర్నెట్‌లోనూ ఇదే చిక్కు. మనం పంపే సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణం చేస్తుంది. ప్రతి పొట్లం మీద బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు ఐపి చిరునామాల రూపంలో ఉండి తీరాలి. లేకపోతే దారిలోని యంత్రాలకు దాన్ని ఎటు తోయాలో తెలియదు. వెబ్ చిరునామా 'హెచ్‌టిటిపిఎస్' అని మొదలైతే అది ఇన్‌లాండ్ ఉత్తరం వంటిది: లోపలిది కనిపించదు. కాని మీరు ఏ సైటుకు వెళ్ళారో మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ తెలుసుకోగలదు. వచ్చింది ఏ ఐపి నుంచో ఆ సైటుకూ తెలుస్తుంది.

మరి చిరునామాను దాచడం ఎలా? ఇలా చేసి చూద్దాం. మీకు హయత్‌నగర్‌లో, ఎల్.బి.నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కొక్క మిత్రుడు ఉన్నాడు. ఆసుపత్రికి రాసిన ఉత్తరాన్ని ఒక కవరులో పెట్టి పైన దిల్‌సుఖ్‌నగర్ మిత్రుడి చిరునామా రాయండి. దాన్ని ఇంకో కవరులో పెట్టి ఎల్.బి.నగర్ మిత్రుడి చిరునామా, దాన్ని మూడో కవరులో పెట్టి హయత్‌నగర్ మిత్రుడి చిరునామా రాయండి. ఇప్పుడు పోస్టులో వేయండి. ఒక్కొక్కరూ ఒక్కొక్క కవరు విప్పి, లోపల కనిపించిన చిరునామాకు పంపేస్తారు.

ఎవరికి ఏమి తెలిసింది? హయత్‌నగర్ వాడికి మీరు తెలుసు, ఆసుపత్రి సంగతి తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ వాడికి ఆసుపత్రి తెలుసు, మీరెవరో తెలియదు. మధ్యవాడికి ఆ ఇద్దరు మిత్రులే తెలుసు. ఆసుపత్రి జవాబు దిల్‌సుఖ్‌నగర్‌కే పంపుతుంది. అది వచ్చిన దారినే ఒక్కొక్క కవరు తొడుక్కుంటూ మీకు చేరుతుంది.

కవరును ఎవరైనా చింపవచ్చు కదా అంటారా? నిజమే. అందుకే కంప్యూటర్ కాగితం కవర్లకు బదులు గణితంతో అల్లిన సంకేత లిపి పొరలు చుడుతుంది. ముందుగానే ముగ్గురితోనూ వేరువేరుగా ఒక రహస్య తాళంచెవి కుదుర్చుకుంటుంది. ఎవరి పొర వారి చెవితోనే ఊడుతుంది. ఉల్లిగడ్డ పొరలు వలిచినట్టు ఉంటుంది కనుక దీన్ని ఉల్లి పద్ధతి అన్నారు. 'టార్' అనే పేరులోనూ ఆ ఉల్లే దాగి ఉంది. నేడు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లను స్వచ్ఛంద సేవకులు ఈ మిత్రులుగా నడుపుతున్నారు.

దీన్ని మొదట 1990ల మధ్యలో ఆలోచించినది అమెరికా నౌకాదళ పరిశోధనశాల. అక్కడి గోల్డ్‌ష్లాగ్, రీడ్, సైవర్సన్ దీని రూపకర్తలు. 2002లో టార్ పనిచేయడం మొదలుపెట్టింది. నౌకాదళం తన రహస్య సాధనాన్ని అందరికీ ఎందుకు ఇచ్చినట్టు? ఇక్కడే ఉంది తమాషా. నౌకాదళం వారు మాత్రమే దాన్ని వాడితే, అందులోంచి బయటపడిన ప్రతి ఉత్తరమూ నౌకాదళానిదే అని చిన్నపిల్లవాడైనా చెబుతాడు! దాక్కోవాలంటే జాతరలో దాక్కోవాలి గాని ఖాళీ మైదానంలో కాదు. పాత్రికేయులు, రోగులు, మామూలు జనం అందరూ కలిస్తేనే గుంపు అవుతుంది.

గుంపు పలచబడితే ఏమవుతుందో 2013 డిసెంబరులో తేలింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి బాంబు ఉందంటూ టార్ ద్వారా దొంగ బెదిరింపు పంపాడు. ఉత్తరంలో అతని పేరు లేదు. కాని అతను వాడింది విశ్వవిద్యాలయం వైఫై. ఆ వేళ అందులోంచి టార్‌లోకి వెళ్ళినవారు ఎవరెవరని చూస్తే అతనూ కనిపించాడు. అడగగానే ఒప్పుకున్నాడు. టార్ మీ ఉత్తరాన్ని దాచగలదు గాని మీరు దాన్ని వాడుతున్నారన్న సంగతిని మామూలుగా దాచదు.

ఇంకో లోపం మన దేశాన్నే తాకింది. చివరి మిత్రుడు ఆఖరి పొర తీసేశాక లోపల ఉన్నది కార్డు అయితే? హాయిగా చదువుకోవచ్చు! 2007లో డాన్ ఎగర్‌స్టాడ్ అనే స్వీడన్ యువకుడు అలాంటి చివరి కంప్యూటర్లు ఐదు నడిపి, వాటి గుండా పోయే ఈమెయిళ్ళను గమనించాడు. అనేక దేశాల దౌత్య కార్యాలయాల పాస్‌వర్డ్‌లు దొరికాయి. అందులో భారత దౌత్య కార్యాలయాలవీ ఉన్నాయి. టార్‌లో తప్పేమీ లేదు. దాని లోపల పెట్టిన ఉత్తరానికి ఇన్‌లాండ్ మడత వేయలేదు, అంతే. టార్ లోంచి వెళ్ళి మీ అసలు పేరుతో లాగిన్ అయితే జరిగేదీ అలాంటిదే. కవర్లన్నీ చుట్టి, లోపల సంతకం పెట్టినట్టు.

మీ తరగతిలో ఐదుగురు కలిసి మూడు కవర్లతో ఈ ఆట ఆడి చూడండి. ఆడాక మధ్య మిత్రుణ్ణి తీసేసి, ఇద్దరితోనే మళ్ళీ ఆడండి. దిల్‌సుఖ్‌నగర్ వాడికి ఆకతాయి బుద్ధి పుట్టి, ఆసుపత్రికి రాసిందెవరో కనిపెట్టాలనుకుంటే, ఇప్పుడు ఎవరి ఇంటికి వెళ్ళి అడుగుతాడు? మధ్యవాడు ఉన్నప్పుడు ఎవరిని అడగగలిగేవాడు?