ఒక వైరు - రెండు కొనలు

ఇది ఒక అక్క కథ. అక్క ఇల్లు ఎల్.బి. నగర్‌లో. పని దిల్‌సుఖ్‌నగర్‌లో. అక్కడ ఎటు చూసినా కోచింగ్ సెంటర్లే. ఒక కంప్యూటర్ సెంటర్‌లో అక్క ఊడ్చి, తుడుస్తుంది.

ఒకరోజు పొద్దున బల్ల కింద తుడుస్తోంది. ఒక వైరు కొన నేల మీద పడి ఉంది. "అయ్యో, ఊడినట్టుంది" అనుకుంది. బల్ల మీద చిన్న డబ్బా ఉంది. దానికి వరుసగా రంధ్రాలున్నాయి. ఒకటి ఖాళీగా ఉంది. ఆ కొనను అందులో పెట్టింది. టక్కున పట్టింది.

పది గంటలకు పిల్లలు వచ్చారు. ఆ రోజు వాళ్లకు పరీక్ష. ఒక్క కంప్యూటర్‌లోనూ నెట్ రాలేదు.

"ఎవరు ముట్టిన్రు దీన్ని? జీతం కోస్త!" అని యజమాని అరిచాడు.

అక్కకు గుండె దడదడలాడింది. చెబితే పని పోతుందేమో! చెప్పకపోతే పిల్లల పరీక్ష పోతుంది.

"నేనే సార్. కింద పడ్డ వైరు పెట్టిన" అంది.

పాఠం చెప్పే అమ్మాయి ఆ వైరు పట్టుకుని చూసింది. దాని రెండో కొన కూడా అదే డబ్బాలో ఉంది! ఒక కొన పీకేసింది. కాసేపటికి నెట్ వచ్చింది.

"అక్కా, నువ్వు చెప్పబట్టి దొరికింది. లేకుంటే పొద్దంతా వెతికేవాళ్లం" అంది ఆ అమ్మాయి.

అసలు ఏం జరిగింది? ముందు కొన్ని మాటలు నేర్చుకుందాం.

స్విచ్: ఆ డబ్బా పేరు స్విచ్. ఇది లైటు వేసే స్విచ్ కాదు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె.

పోర్టు: స్విచ్‌కు ఉండే రంధ్రం. చిన్న స్విచ్‌కు 5 లేదా 8 ఉంటాయి. పెద్దదానికి 24, 48 కూడా ఉంటాయి. పోర్టు పక్కన నంబరు ఉంటుంది. చిన్న లైటు ఉంటుంది. కబురు పోతుంటే లైటు మిణుకు మిణుకుమంటుంది.

కేబుల్: కలిపే వైరు. లోపల 8 సన్నని తీగలుంటాయి. రెండేసి మెలేసి 4 జతలు చేస్తారు. మామూలుగా 100 మీటర్లకు మించి వేయరు.

అడ్రస్: ప్రతి కంప్యూటర్‌కు ఒక గుర్తు ఉంటుంది. ఏ గుర్తు ఏ పోర్టులో ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. గల్లీలో ఎవరిల్లు ఎక్కడో పోస్టుమాన్‌కు తెలిసినట్టే.

రూటర్: గల్లీ దాటి పోవాలంటే చౌరస్తాకు రావాలి. ఎల్.బి. నగర్ చౌరస్తాలో ఒక దారి విజయవాడకు, ఒకటి సాగర్‌కు, ఒకటి ఉప్పల్‌కు పోతుంది. అలాగే కబురును బయటి దారి పట్టించేది రూటర్.

మరి నెట్ ఎందుకు ఆగింది? కొన్ని కబుర్లు అందరికీ పోవాలి. "ఈ అడ్రస్ ఎవరిది?" అని అడిగే కబురు అలాంటిది. స్విచ్ దాన్ని అన్ని పోర్టులకూ పంపుతుంది. వైరు రెండు కొనలూ ఒకే స్విచ్‌లో ఉంటే, పోయిన కబురు మళ్లీ అందులోకే వస్తుంది. మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. చౌరస్తాలో బండ్లన్నీ గుండ్రంగా తిరుగుతూ ఒక్కటీ బయటికి పోకపోతే ఏమవుతుంది? జామ్! దీన్నే లూప్ అంటారు.

దీనికి ఉపాయం కనిపెట్టింది ఒక ఆడమనిషి. ఆమె పేరు రేడియా పెర్ల్‌మన్. అమెరికా ఇంజనీరు. చుట్టు తిరిగే దారిని తానే మూసి ఉంచే పద్ధతిని 1985లో చెప్పింది. పెద్ద స్విచ్‌లలో ఆ పద్ధతి ఉంటుంది. తక్కువ ధరకు వచ్చే చిన్నవాటిలో చాలావాటికి ఉండదు. అక్కడ మన జాగ్రత్తే దిక్కు.

గుర్తుంచుకోండి:
ఊడిన వైరు కనబడితే పెట్టవద్దు. అడగండి.
వైరు తీయవలసి వస్తే ముందు పోర్టు నంబరు రాసుకోండి.
స్విచ్‌ను తడిగుడ్డతో తుడవవద్దు.

ఇప్పుడు ఆ సెంటర్‌లో ప్రతి వైరుకూ ఒక చీటీ ఉంది. చీటీల మీద నంబర్లు రాసింది ఎవరనుకున్నారు? ఆ అక్కే.

మాట్లాడుకుందాం:
1. తప్పు ఎవరిది? వైరు పెట్టిన అక్కదా? చీటీ అతికించని వాళ్లదా?
2. అక్క నిజం చెప్పకపోతే ఏమయ్యేది?
3. మీరు పనిచేసే చోట మీకు ఎవరూ చెప్పని వస్తువులు ఏమున్నాయి? వాటి పేర్లు అడిగి రాయండి.