సందేహాలు - సమాధానాలు: సాయంత్రమయ్యేసరికి ఏదో జారుతోంది

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఐదు కాన్పులు, అన్నీ ఇంట్లోనే. రెండేళ్లుగా సాయంత్రమయ్యేసరికి కింద నుంచి నిమ్మకాయంత కండ బయటికొస్తోంది. పడుకుంటే లోపలికి పోతుంది. ఒక్కోసారి వేలితో నెట్టుకుంటే గానీ మూత్రం రాదు. షుగరుంది, గుండెకు స్టెంటు వేశారు. ఆపరేషన్ తట్టుకోలేనేమోనని భయం. కోడలికి చెప్పాలంటే సిగ్గు. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. ఇది క్యాన్సరా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినవి గర్భసంచి జారిన లక్షణాలు. పరీక్ష చేసి చూడాల్సిందే గానీ, పడుకుంటే లోపలికి పోయే ఇలాంటి ఉబ్బు క్యాన్సర్ కావడం చాలా అరుదు. ఉట్టిని తలుచుకోండి. తాళ్లు వదులైతే కుండ కిందికి దిగుతుంది, కుండలో లోపమేమీ ఉండదు. గర్భసంచినీ, మూత్రసంచినీ పట్టి ఉంచే కండరాలు, లిగమెంట్లు కాన్పుల్లో సాగుతాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి బలహీనపడతాయి. దగ్గు, మలబద్ధకం, బిందెల మోత వాటిని ఇంకా లాగుతాయి. పగలంతా నిలబడి తిరుగుతారు కాబట్టి సాయంత్రానికి ఎక్కువవుతుంది.

నన్ను కంగారు పెట్టింది ఉబ్బు కాదు, మూత్రం ఆగడం. మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, షుగరున్నవారికి మరీ త్వరగా. మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూపించుకోండి. శుభ్రమైన చేత్తో లోపలికి నెట్టుకోవడం తప్పు కాదు, చాలామంది చేసేదే.

ఆపరేషన్ వద్దంటే ఇలాగే భరించాలని చాలామంది అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రింగు సంగతే తెలియదు. జారిన భాగాన్ని లోపలే నిలిపి ఉంచే మెత్తటి సిలికాన్ రింగు ఇది. డాక్టరు లోపల పరీక్షించి, మీకు సరిపడే సైజు చూసి పెడతారు. కోత లేదు, మత్తు లేదు. పెట్టాక లేచి నడిచి, మూత్రానికి వెళ్లొచ్చి చూడమంటారు. సరిగ్గా కుదిరితే అది ఉందన్న సంగతే తెలియదు. ముక్కినప్పుడు జారి పడిపోతే సైజు మారుస్తారు, ఒక్కసారికే నిరాశపడకండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి తీసి, కడిగి, పుండ్లేమైనా పడ్డాయేమో చూడాలి. సంక్రాంతికి పెట్టించుకుంటే ఉగాది దాటగానే వెళ్లాలని గుర్తుపెట్టుకోండి. మరిచిపోయి ఏళ్లు గడిస్తే లోపల ఒరుసుకుని పుండవుతుంది. లోపలి పొర పొడిబారి ఉంటే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇస్తారు. స్టెంటు సంగతి ముందే చెప్పండి.

రింగుతో పాటు ఒక వ్యాయామం కూడా చేయండి. అపానవాయువును ఆపుకుంటున్నట్టు కింది కండరాలను బిగించి, ఐదు లెక్కపెట్టి వదలండి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మూడు నాలుగు నెలలు చేస్తేనే గుణం తెలుస్తుంది. పూర్తిగా బయటికొచ్చిన భాగాన్ని ఇదొక్కటే వెనక్కి పంపలేదు, కానీ పట్టు పెరుగుతుంది. మలవిసర్జనకు ముక్కే పని లేకుండా చూసుకోండి.

కోడలికి చెప్పండమ్మా. రింగు మార్పించడానికి ఎలాగూ తోడు కావాలి.

ప్రశ్న: నాకు 61. పద్దెనిమిదేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. ఇప్పుడు మళ్లీ ఏదో జారుతోంది. లేని సంచి ఎలా జారుతుంది?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సంచి తీశాక మిగిలిన యోని పైకొస జారుతుంది, దాంతోపాటు మూత్రసంచి కూడా దిగవచ్చు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. తెల్లబట్టకూ, నడుంనొప్పికీ తీసేయించుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మీకు కూడా రింగు పెట్టవచ్చు. అది నిలవకపోతే, పైకొసను లోపలి గట్టి లిగమెంటుకు కుట్టి నిలబెట్టే ఆపరేషన్ ఉంది. మత్తుకు సరిపోతారో లేదో వయసు కన్నా గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చెబుతాయి.

ఇద్దరికీ ఒక మాట: ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, బయటి భాగం పుండుపడి వాసన వస్తున్నా, లోపలికి వెళ్లక నొప్పి పెడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.